సముద్రానికి కాపలా ఎవరు, కమిటీలో కుర్చీ ఎవరిది?

ఇబ్రహీంపట్నంల కూసుని సముద్రం ముచ్చట మీకెందుకని అడిగేటోళ్ళు ఉన్నరు. బయటోళ్ళు కాదు, మన సంఘాల వాళ్ళే. "ఫార్మాసిటీ పేరు మీద యాచారం, కందుకూరు మండలాల్లో వేల ఎకరాలు పోయినయి. ఈ పక్క మన కొంప కాలుతుంటే మీరు మడ అడవులు, తాబేళ్ళు, పక్షులు అని రాస్తున్నరు. ఇది చదువుకున్నోళ్ళ సోకు కాదా?" అని నిలదీస్తున్నరు. అడగాల్సిన మాటే. దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేము.

సాగర్ రోడ్డు పట్టుకుని పోతే గున్‌గల్ వస్తది. అక్కడ రిజర్వాయరు ఉంది. నల్లగొండ జిల్లా అక్కంపల్లి నుండి కృష్ణ నీళ్ళు పైపుల్లో ఎక్కి, గున్‌గల్ మీదుగా 2004 నుండి పట్నం పోతున్నయి. మన ఊర్ల పక్క నుండి పోతయి, మన బిందెల పడవు, అది వేరే కథ. పట్నం ఆ నీళ్ళు తాగుతది, వాడుతది, కంపెనీలు తమ విషం కలుపుతయి, అంతా మూసీల పడుతది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణల కలుస్తది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంల కలుస్తది. ఇబ్రహీంపట్నంల పడ్డ వాన చినుకు ఏ వాగు పట్టినా చివరికి పోయేది అటే. రాష్ట్రం 2014లో వేరైంది గాని నీళ్ళు వేరు కాలేదు.

మడ చెట్టు ఉత్త ఉప్పు నీళ్ళల్ల బతికే చెట్టు కాదు. ఏటి తీపి నీరు, సముద్రపు ఉప్పు నీరు పోటు పాట్లకు కలుస్తుంటేనే అది పచ్చగ ఉంటది. పైన డ్యాములు కట్టి నీళ్ళు ఆపితే కింద మొగకు ఉప్పు ఎక్కుతది, ఒండ్రు రాక ఒడ్డు కోసుకపోతది, పీత పోతది, రొయ్య పిల్ల పోతది. ఆ బురదల మొలలోతు దిగి ఒట్టి చేతులతోని పీతలు పట్టుకుని బతికే యానాది కూడు పోతది. పైన ఆపిన నీళ్ళల్ల పట్నపోని గ్లాసు ఉంది, పొలం ఉన్నోని కాలువ ఉంది. కింద ఎండిన కుండ మాత్రం మనసొంటోనిది. ఇది చదువుకున్నోళ్ళ సోకు ఎట్లయితది?

ఇగ అసలు సంగతికి వస్తాము. కొన్నేండ్లుగా తీరం మీద ఒక మాట తిరుగుతున్నది. "స్థానిక భాగస్వామ్యం" అంట. సముద్రాన్ని, మడ అడవిని, పక్షిని, తాబేలును సర్కారు ఒక్కతే కాపాడలేదు, అటవీ శాఖ, మత్స్య శాఖ, ఓడరేవులు, చమురు కంపెనీలు, రొయ్యల రైతులు, ఊరి జనం అందరూ ఒక్క బల్ల చుట్టూ కూసోవాలె, ఒక్క పథకం గీసుకోవాలె అంటున్నరు. మాట మంచిదే. మేము దాన్ని వద్దనము. ఒక శాఖ మడ మొక్క నాటితే ఇంకో శాఖ దాని మీదికెల్లి రోడ్డు వేసే దేశంల నలుగురిని ఒక్క దగ్గర కూసోబెట్టడం అవసరమే. మా ప్రశ్న ఒక్కటే. ఆ బల్ల చుట్టూ ఎన్ని కుర్చీలు ఉన్నయి? మాల మాదిగ వాడ నుండి వచ్చినోళ్ళకు, యానాది సంగం నుండి వచ్చినోళ్ళకు అందులో ఎన్ని?

కోరింగ సంగతి చూడండి. గోదావరి సముద్రంల కలిసే కాడ, కాకినాడ పక్కన, 1978లో అభయారణ్యంగ ప్రకటించిన మడ అడవి అది. 235 చదరపు కిలోమీటర్లు. ఒక దిక్కు ఓడరేవు, ఇంకో దిక్కు గ్యాసు, చమురు, మధ్యల రొయ్యల చెరువులు. 1997 నుండి 2004 దాకా ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ అక్కడా, కృష్ణ మొగ కాడా కెనడా డబ్బుతోని ఊరి సమితులు పెట్టి, ఎండిపోయిన మడ భూముల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటు నీరు లోపలికి వచ్చేటట్టు చేసి చెట్టును మళ్ళ బతికించింది. ఆ పని మీద మాకు గౌరవం ఉంది. ఎందుకంటే అది పనిచేసే పద్ధతి. నీళ్ళకు తొవ్వ ఇస్తే చెట్టు దానంతట అదే లేస్తది. తర్వాత 2010ల్లో ప్రపంచ పర్యావరణ నిధి డబ్బు, యూఎన్‌డీపీ తోడు, కేంద్ర పర్యావరణ శాఖ, రాష్ట్ర అటవీ శాఖ కలిసి 'ఈగ్రీ ఫౌండేషన్' అని పెట్టి పరిశ్రమలను, శాఖలను, ఊర్లను కలపాలని చూసినయి. 2019 నుండి గ్రీన్ క్లైమేట్ ఫండు డబ్బుతోని ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్ర తీరాల్లో ఇంకో పథకం. 2023లో కేంద్రం 'మిష్టీ' అని మడ అడవుల పథకం ప్రకటించింది. పేరు ఎంత తియ్యగున్నదో చూడండి.

డబ్బు వచ్చింది, పథకం వచ్చింది, పోస్టర్ల మీద నవ్వే ఆడబిడ్డ ఫోటో వచ్చింది. కాలువ తవ్వనీకి పార పట్టినోళ్ళు ఉన్నరు, మొక్క మోసినోళ్ళు ఉన్నరు. కాలువ ఎక్కడ తవ్వాల్నో తేల్చే బల్ల కాడ వాళ్ళ కుర్చీ ఏది? మస్టరు రోల్లో వేలిముద్ర వేసినోడు "భాగస్వామి" అయితే, వెట్టి చేసిన మా తాతలందరూ దొరలకు భాగస్వాములే!

చట్టం ఏమంటున్నదో చూద్దాం. తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ మొదట 1991 ఫిబ్రవరి 19న వచ్చింది. 2011లో మార్చిండ్రు, 2019 జనవరిలో మళ్ళ మార్చిండ్రు. మార్చిన ప్రతిసారీ కట్టుకునేటోనికి జాగ పెరిగింది, అది అందరికీ ఎరుకే. అందులో ఒక మంచి ముక్క ఉంది. కలెక్టరు అధ్యక్షతన ప్రతి తీర జిల్లాకు ఒక కమిటీ ఉండాలె. అందులో స్థానిక సంప్రదాయ తీర సమాజాల నుండి, మత్స్యకారులతో సహా, కనీసం ముగ్గురు ఉండాలె. ముగ్గురు! జిల్లా మొత్తానికి. సరే, ఆ ముగ్గురన్నా ఎవరు? "మత్స్యకారులతో సహా" అని రాసిండ్రు, అంటే మత్స్యకారులు కాక వేరే వాళ్ళు కూడా ఉండవచ్చునని అర్థం. ఈ వాక్యాన్ని మన సంఘాలు ఇంకా పట్టుకోలేదు. పట్టుకోవాలె.

తీరం ఊరు ఎట్లుంటదో తెలంగాణ వాళ్ళకు కొంచెం చెప్పాలె. ఇసుక మీద, సముద్రానికి ఎదురుగ పల్లెపాలెం. పల్లెకారులు, వాడబలిజలు, జాలర్లు, అగ్నికుల క్షత్రియులు, పట్టపువాళ్ళు. బీసీలు. వాళ్ళ కష్టం చిన్నది కాదు, తుఫానుకు మొదట ఎదురు నిలిచేది వాళ్ళే. లోపలికి వస్తే మెరక మీద పొలం ఉన్న ఊరు. పల్లంల, మురుగు కాలువ పక్కన మాలపల్లె, మాదిగ పల్లె. ఏటి గట్టు మీద, కరకట్ట మీద, ఎవరిదీ కాని జాగల యానాదులు. చెరువుల్లో, డ్రైన్లలో, పాయల్లో చేతి వలతోని, బుట్టతోని చిల్లర చేపలు, గుల్లలు, పీతలు పట్టుకునేది ఈ చివరి వాళ్ళు. కానీ వీళ్ళ పేరు "మత్స్యకారుల" జాబితాలో ఉండదు. సంఘంల సభ్యత్వం లేదు, పడవ లేదు, పడవకు నెంబరు లేదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో పది వేలు చేసిండ్రు, 2025లో ఇరవై వేలు చేసిండ్రు. మంచిదే. అది రిజిస్టరైన పడవ మీద పేరున్నోనికి. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడమనిషికి ఆ రెండు నెలలు ఆకలి కాదా? పడవలు ఒడ్డున ఉంటే ఐసు మోసే కూలీకి పని ఉంటదా? చేప గుడ్లు పెట్టనీకి సెలవిచ్చినం అంటున్నరు, సెలవు జీతం సగం మందికే.

పులికాట్ సరస్సుల "పాడు" అని ఒక పద్ధతి ఉంది. ఏ రోజు ఏ జాగల ఎవరు వల వేయాల్నో వంతులు. మేధావులు దాన్ని చూసి మురిసిపోయి "సామూహిక వనరుల సంప్రదాయ పరిరక్షణ" అని రాస్తరు. నిజమే, అందరూ ఒక్కసారి దిగి సరస్సును ఊడ్చెయ్యకుండ ఆపే కట్టుబాటు అది. కానీ తమిళనాడు దిక్కు ఆ వంతు పట్టణవర్ కులం చేతుల ఉంది. దళితులు వంతుల లేరు. వనరును కాపాడే కట్టుబాటే మనిషిని బయట నిలబెట్టే కట్టుబాటు కూడా. "స్థానిక సంప్రదాయం" అనే మాట వింటేనే మాకు చెవులు ఎందుకు నిక్కబొడుచుకుంటయో ఇప్పుడు అర్థమైతది. మన దేశంల స్థానికం అంటే కులం. స్థానికానికే అప్పజెప్పండి అంటే ఊర్ల ఇప్పటికే ఎవరి చేతుల కర్ర ఉన్నదో వానికే అప్పజెప్పండి అని. బాబాసాహెబ్ పల్లెను గురించి రాజ్యాంగ సభల ఊరికెనే హెచ్చరించలేదు.

అయితే పల్లెకారు మన శత్రువు కాదు. ఈ మాట గట్టిగ చెప్పాలె. 2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటల థర్మల్ కంపెనీ నుండి బీలను కాపాడుకోను రైతు, మత్స్యకారుడు, దళిత కూలీ కలిసే నిలబడ్డరు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినయి. అదే రోజు పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కంపెనీ అనుమతిని రద్దు చేసింది! తెల్లారి చేసి ఉంటే కాదు, ఒక్క రోజు ముందర చేసి ఉంటే ఆ మనుషులు బతికేటోళ్ళు. 2011 ఫిబ్రవరిల కాకరాపల్లి కాడ మళ్ళ అదే. చిత్తడి నేలను కాపాడిన అసలైన "భాగస్వామ్యం" అది. దానికి ఏ ఫౌండేషనూ బ్యానర్ కట్టలేదు, కట్టింది పోలీసులు, కేసులు.

రొయ్య కథ ఇంకా లోతుగ చూడాలె, ఎందుకంటే మనోళ్ళు గెలిచి ఓడిన కథ అది. తొంభైల మొదట్ల నెల్లూరు నుండి గోదావరి దాకా వరి మళ్ళు ఉప్పు చెరువులైనయి. నాటు లేదు, కలుపు లేదు, కోత లేదు. ఎకరం వరికి ఎన్ని కూలి దినాలు పడుతయో మన ఆడోళ్ళకు తెలుసు. రొయ్యల చెరువుకు ఒక కాపలాదారు, ఇద్దరు మేత వేసేటోళ్ళు చాలు. పక్క బాయిల నీళ్ళు ఉప్పనైనయి. తమిళనాడు నాగపట్నం దిక్కు జగన్నాథన్, కృష్ణమ్మాళ్ దంపతుల వెంట భూమి లేని దళిత ఆడోళ్ళు చెరువుల మీదికి పోయిండ్రు, దెబ్బలు తిన్నరు, జైళ్ళకు పోయిండ్రు. ఆ కేసే సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ తీర్పు. తీర నియంత్రణ పరిధిల ఉన్న, సంప్రదాయ పద్ధతివి కాని రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31లోగా తీసెయ్యాలె. పని పోయిన కూలీలకు ఆరేండ్ల జీతం అదనపు పరిహారంగ ఇయ్యాలె. పాడు చేసినోడే పైసలు కట్టాలె.

ఆరేండ్ల జీతం! ఆ ముక్కను మళ్ళ మళ్ళ చదవండి. సముద్రపు ఒడ్డును కాపాడమన్న తీర్పే కూలీ ఆకలిని కూడా లెక్క కట్టింది. చెట్టా మనిషా అని అడిగేటోళ్ళకు ఆ తీర్పే జవాబు, రెండూ అని. మరి ఏమైంది? తీర్పు వచ్చిన కొన్ని నెలలకే ఢిల్లీల బిల్లు తయారైంది. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసిండ్రు. రొయ్యల చెరువులకు తీర నియంత్రణ వర్తించదని రాసుకున్నరు, అది కూడా 1991 ఫిబ్రవరి 19 నుండే వర్తించనట్టు. అంటే సుప్రీంకోర్టు తీర్పు కింద ఉన్న నేలనే లాగేసిండ్రు. దళిత ఆడోళ్ళు కొట్లాడి తెచ్చుకున్నదాన్ని రొయ్యల రాజులు ఒక్క సెక్షన్‌తోని మాపిండ్రు. 2023లో ఆ చట్టాన్ని సవరించి ఇంకా వెసులుబాట్లు ఇచ్చిండ్రు. ఇయ్యాల దేశంల రొయ్య అన్నిటికంటే ఎక్కువ పండేది ఆంధ్రలోనే. ఆ రొయ్య తల తీసి, పొట్టు వలిచే షెడ్లల్ల ఐసు నీళ్ళల్ల చేతులు కుళ్ళేది ఎవరివో వేరే చెప్పాల్నా? 2024లో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ ఆ పనోళ్ళ అప్పు బంధాల మీద రిపోర్టు రాసింది. ఇబ్రహీంపట్నం తాలూకావాళ్ళకు అప్పు బంధం అంటే ఏందో రిపోర్టుల చదవాల్సిన పని లేదు. ఎనభైలల్ల వ్యవసాయ కూలీ సంఘం వెట్టిని విడిపించి, ఇనాం భూములకు కొట్లాడింది ఈ గడ్డ మీదనే.

కొల్లేరు సంగతి కొంచెం చెప్పుకుంటే చాలు. డెబ్భైలల్ల సర్కారు మత్స్యకారులకు, హరిజనులకు సహకార సంఘాలు పెట్టి సరస్సుల చేపల చెరువులు ఇచ్చింది. పేరు మనది, లీజు బయటి పెట్టుబడిది. చెరువు మీద చెరువు తవ్వి సరస్సును అల్మారా లెక్క గళ్ళు గళ్ళు చేసిండ్రు. 1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నరు. 2002లో రామ్‌సర్ జాబితాల చేర్చిండ్రు. 2006లో గట్లు పేల్చిండ్రు. పేల్చాల్సిందే, సరస్సు ఊపిరాడక చస్తున్నది. కానీ గట్టుతోని పాటు పేరున్న పేదోని పట్టా కూడా పోయింది, లీజు తిన్నోడు సరస్సు బయట పొలాలు కొనుక్కుని మళ్ళ చెరువులు తవ్విండు. 2008లో శాసనసభల మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానం చేసిండ్రు. దానిమీద కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దన్నది. మేము కూడా తగ్గించొద్దనే అంటున్నం. పేదల పేరు చెప్పి సరస్సును కోసేటోనికి మా పేరు అప్పియ్యము. పక్షి పేరు చెప్పి పేదోన్ని తరిమేటోనికి కూడా మా ఓటు లేదు.

ఇంకో మోసం చూడండి. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ అడవిని మట్టితోని పూడ్చిండ్రు. ఎందుకు? పేదలకు ఇండ్ల స్థలాలు! కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. పేపర్లల్ల ఒక దిక్కు ప్రకృతి ప్రేమికులు, ఇంకో దిక్కు పేదలు అన్నట్టు రాసిండ్రు. పేదోడు అడిగింది గజం జాగ, మడ చెట్టును నరకమని కాదు. కాకినాడ చుట్టు మెరక భూమి ఎవరి చేతుల ఉన్నది? దాన్ని ముట్టే ధైర్యం లేక పోటు వస్తే మునిగే బురదల పేదోనికి పట్టా రాస్తరు. తుఫాను వచ్చిన్నాడు సచ్చేది ఆ పట్టాదారే. 1977 నవంబర్ 19న దివిసీమల ఒక్క రాత్రికి వేల వేల మంది సచ్చిండ్రు. పక్కా మేడ ఉన్నోడు మిద్దెక్కిండు. గుడిసె ఉన్నోడు ఏది ఎక్కాలె? ఒడిశాల 1999 సూపర్ తుఫాను తర్వాత కేంద్రపారా జిల్లా ఊర్లను లెక్క తీసిండ్రు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుంటే చావులు అంత తక్కువైనయని 2009లో పరిశోధకులు అచ్చేసిండ్రు. మడ చెట్టు పేదోని మిద్దె. దాన్ని నరికి దాని మీదనే పేదోనికి ఇల్లు కట్టిస్తననుడు ఎంత గొప్ప సంక్షేమం!

కొందరు మిత్రులు అంటరు, దళితుల సమస్య ఆత్మగౌరవం, భూమి, రిజర్వేషన్, దీంట్ల నీళ్ళు, చెట్లు ఎందుకని. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌ల దిగింది దేంట్లకు? చౌదార్ చెరువులకు. 1985 జులై 17న కారంచేడుల నెత్తురు పారింది దేని మీద మొదలైంది? మాదిగలు తాగే నీళ్ళ చెరువుల అగ్రకులపోడు బర్రెలకు కుడితి పెట్టి బకెట్ కడిగితే ఒక మాదిగ ఆడబిడ్డ ఇదేందని అడిగినందుకు. తాగే నీళ్ళు పాడు చెయ్యొద్దని అడిగింది ఆమె. దాన్ని ఇయ్యాల పర్యావరణం అంటున్నరు. ఆ మాట అన్నందుకు ఆరుగురు మాదిగలు సచ్చిండ్రు, పల్లె పల్లె లేచి చీరాలకు నడిచింది. అక్కడ నుండి లేచింది దళిత మహాసభ. అంటే మన ఉద్యమం పుట్టిందే ఒక చెరువు కట్ట మీద.

కేరళల కల్లెన్ పొక్కుడన్ అని ఒక పెద్దమనిషి ఉండె. కన్నూరు జిల్లా ఏళోం ఊరు, పులయ కులం, కూలి మనిషి, కమ్యూనిస్టు పార్టీల తిరిగినోడు. 1989 నుండి ఏటి ఒడ్డున ఒక్కడే మడ మొక్కలు నాటుడు పెట్టుకున్నడు. చూసినోళ్ళు నవ్విండ్రు. ఇయ్యాల మలయాళంల మడ చెట్టు పేరే ఆయన ఇంటి పేరయింది, "కండల్ పొక్కుడన్" అంటరు. 2015లో పోయిండు. ఆయన తన కథ చెప్పుకుని పుస్తకం అచ్చేయించిండు. ఆయనకు ఏ చెట్టు ఏ బురదల లేస్తదో కూలి పనిల తెలిసింది. యానాదికి తెల్లమడ ఏదో, నల్లమడ ఏదో, తిల్ల చెట్టు పాలు కంట్ల పడితే చూపు పోతదని తెలిసినట్టు. ఈ తెలివికి సర్టిఫికెట్ లేదు కాబట్టి కమిటీల కుర్చీ లేదు.

మన దగ్గరికి వద్దాం. కుతుబ్ షాహీ కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దశాబ్దాల తర్వాత 2022ల నిండి అలుగు పోసింది. పట్నం నుండి కార్లేసుకుని వచ్చి ఫోటోలు దిగిండ్రు. ఆ చెరువు తూము ఎప్పుడు ఎత్తాల్నో, ఎప్పుడు దించాల్నో, ఏ మడికి ఎంత పారించాల్నో, వరద రాత్రి కట్ట మీద లాంతరు పట్టుకుని గండి చూసుకుంట తిరగాల్నో, అదంతా తెలంగాణ చెరువు చెరువుకు చేసింది నీరటి. నీరటి ఎవరు? మాల, మాదిగ. వందల ఏండ్ల సంది చెరువును కాపాడిన కొలువు మనది, కూలి గింజలు మాత్రం కల్లం అడుగు తాలు. మరి 1997లో రైతుల సాగునీటి యాజమాన్య చట్టం చేసినప్పుడు నీటి సంఘంల ఓటు ఎవరికిచ్చిండ్రు? ఆయకట్టు కింద భూమి ఉన్నోనికి. తూము ఎత్తిన నీరటికి ఓటు లేదు! 2015ల మిషన్ కాకతీయ వచ్చింది, పూడిక తీసిండ్రు, ఒండ్రు మట్టి పొలం ఉన్నోని పొలానికి పోయింది. తర్వాత చేప పిల్లలు వేసిండ్రు, అవి సంఘం సభ్యులవి. కట్ట కింది మాదిగ వాడకు వచ్చింది ఏంది? దోమలు.

తీరంల జరిగేది, ఈడ జరిగేది ఒక్కటే అని అందుకే అంటున్నం. కోరింగల కమిటీ అయినా పెద్ద చెరువు కమిటీ అయినా తలుపు కాడ అడిగే ప్రశ్న ఒక్కటే: నీకు పడవ ఉందా, నీకు పట్టా ఉందా? కూలీకి రెండూ లేవు. కాబట్టి వాడు "లబ్ధిదారు", "వాటాదారు" మాత్రం కాదు.

ఇంకో కమిటీ ఉంది, దాని పేరు మన సర్పంచులకే సరిగ తెల్వదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. గ్రీన్ ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి జుర్మానా అంటే, దేశమంత రాత్రికి రాత్రి లక్షల కమిటీలు కాయితం మీద పుట్టినయి. 2004 నిబంధనల ప్రకారం అధ్యక్షుడు కాక ఆరుగురి దాకా సభ్యులు. మూడో వంతు ఆడోళ్ళు. ఎస్సీ, ఎస్టీలు 18 శాతానికి తగ్గొద్దు. ఇప్పుడు ఐదో తరగతి లెక్క చేద్దాం. ఆరుగురిలో ఒక్కరిని పెడితే ఎంత శాతం? పదిహేడు కూడా కాదు, 16.67. పద్దెనిమిదికి తగ్గింది. అంటే చట్టం ప్రకారం ఇద్దరు ఉండాలె. ఒక్కరి పేరు రాసి, అదీ ఆ మనిషికి చెప్పకుండ రాసి, కోటా అయిపోయిందంటే అది చట్టం తప్పినట్టే. 2023ల చట్టం సవరించిండ్రు, 2024ల కొత్త నిబంధనలు వచ్చినయి. అయినా పాత లెక్కల పుట్టిన కమిటీల జాబితా పంచాయతీ ఆఫీసుల ఉండాల్సిందే.

మా డిమాండు పెద్దదేమీ కాదు. తీర జిల్లా కమిటీలల్ల ఆ ముగ్గురు చాలరు, పెంచాలె. పెంచేదాకా ఆ ముగ్గురిల ఒకరు దళిత కూలీ గాని యానాది గాని ఉండాలె, అందుల ఒక ఆడమనిషి ఉండాలె. వేట నిషేధం భృతి పడవ లెక్కన కాదు, ఒడ్డు మీద బతికే మనిషి లెక్కన ఇయ్యాలె. నీటి సంఘాలల్ల భూమి లేని కుటుంబానికి ఓటియ్యాలె. 2006 అటవీ హక్కుల చట్టంల చేప మీద, నీటి ఉత్పత్తుల మీద సామూహిక హక్కు రాసి ఉంది, అది మడ అడవిల యానాదులకు ఇయ్యాలె. అదే చట్టం ఆదివాసీ కాని దళితున్ని 75 ఏండ్ల నివాసం రుజువు తెమ్మంటున్నది. గుడిసె 1977లో కొట్టుకపోయింది, తర్వాత 1996లో కొట్టుకపోయింది, రుజువు యాడికెళ్ళి తెస్తడు? ముసలోళ్ళ నోటి సాక్ష్యం కూడా రుజువు కిందికే వస్తదని ఆ చట్టం నిబంధనలల్లనే ఉంది, ఆఫీసర్లకు చదివి వినిపియ్యాలె.

సంఘం కార్యకర్తలు ఈ నెల చేయాల్సిన పని ఒకటుంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఊరి ఆఫీసుల అయితే ఫీజు లేదు, మండలంల ఐదు రూపాయలు, పైన పది. తెల్ల కార్డు ఉన్నోళ్ళకు యాడా ఫీజు లేదు. ముప్ఫై రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల మండలాల వాళ్ళు మూడు అడగండి: జీవవైవిధ్య కమిటీ సభ్యుల జాబితా, అందుల ఎస్సీ ఎస్టీ ఎందరు, మీటింగు ఎన్నిసార్లు పెట్టిండ్రో మినిట్స్ నకలు. నీటి సంఘం, చేపల సంఘం సభ్యుల జాబితా కూడా. కాకినాడ, కోనసీమ, కృష్ణా, బాపట్ల, నెల్లూరు దిక్కు ఈ పత్రిక చదివే మిత్రులు కలెక్టరాఫీసుల తీర కమిటీ జాబితా అడగండి. సంతకం పెట్టినట్టు రాసిన మన మనిషి ఊర్ల దొరికితే, ఆ సంతకం తనదేనా, మీటింగుకు ఎప్పుడన్నా పిలిచిండ్రా అని అడిగి రాసుకోండి. జాబితాలు మాకు పోస్టుల పంపండి. యే కమిటీల ఎన్ని కుర్చీలు, అందుల మనవి ఎన్ని అనే లెక్క వచ్చే సంచిక నుండి జిల్లాల వారీగ అచ్చు వేస్తాము.